సర్కారు పాట ఒక రూపాయి

రామమందిరం అరుగు మీద ఒక బల్ల, రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గారు, రెండోదాంట్లో నేను. నా ఒళ్లో కాగితాల కట్ట. తలయారి ఊరంతా తప్పెట కొట్టి వచ్చి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ మెట్టు మీద కూలబడ్డాడు. వేలానికి పెట్టింది ఎకరా అరవై రెండు సెంట్ల మెట్ట. బకాయి ఏమిటంటే, నుయ్యి తవ్వుకోడానికి సర్కారిచ్చిన తక్కావి అప్పు. నుయ్యి తవ్వారు. రాయి పడింది, నీళ్లు పడలేదు. అప్పు మాత్రం వడ్డీతో సహా నిలిచింది. రైతు విశాఖపట్నం వెళ్లి రిక్షా తొక్కుతున్నాడని చెప్పారు.

పాట మొదలుపెట్టండి అంటే చుట్టూ నిలబడ్డ పది పన్నెండు మందిలో ఒక్కరూ నోరు విప్పలేదు. "ఆడి బూమి మేం పాడుకుంటామేటి బాబూ! రేపు ఆడి మొకం ఎలాగ సూడాల?" అన్నాడొక పెద్దాయన. ఆ మాటలో జాలి ఉంది, నిజమైన జాలే. వెనకాల గోడకానుకుని చుట్ట కాల్చుకుంటున్న పక్క పొలం ఆసామి మాత్రం ఏమీ అనలేదు. ఆయన పాడకపోవడం జాలి వల్ల కాదని నాకు తర్వాత్తర్వాత అర్థమైంది. డబ్బు పెట్టి కొనాల్సిన అవసరం ఆయనకు లేదు.

పాటదారులు లేకపోతే సర్కారే నామమాత్రపు పాటకు కొనుక్కోవచ్చు. "సర్కారు పాట ఒక రూపాయి. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి." నేను రాశాను. ఆ రూపాయి కూడా ఎవరి జేబులోంచీ రాలేదు, పుస్తకాల్లో సర్దుబాటు. ఊరి సాగు లెక్కల పుస్తకం అడంగల్లో ఆ సర్వే నంబరు ఎదురుగా ఎర్రసిరాతో 'బాట్ ఇన్', అంటే సర్కారు కొనుక్కున్నది, అని ఎక్కించి, ఊరివాళ్లిచ్చిన మజ్జిగ తాగి, సాయంత్రం బస్సెక్కాం.

ఇది ముప్పై ఏళ్లు దాటిన మాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో నా సర్వీసంతా గడిచింది. జూనియర్ అసిస్టెంటుగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా దిగాను. బకాయికి భూమి ఎలా లాక్కోవాలో మాకు సెక్షన్లతో సహా నేర్పారు. లాక్కున్న భూమిని ఆ తర్వాత ఏం చేయాలో నేర్పినవాళ్లు లేరు. నేర్పమని అడిగినవాళ్లం కూడా మాలో లేము. ఈ వ్యాసం ఆ అడగకపోవడం గురించి. ఎవరి మీదా ఫిర్యాదు కాదు, నేరం ఒప్పుకోలు.

మా కచేరీల్లో ఆర్.ఆర్. యాక్టు అంటే తెలియని బంట్రోతు ఉండడు. 1864 నాటి మద్రాసు రెండో చట్టం, రెవెన్యూ రికవరీ చట్టం. ఇవాళ్టికీ అదే నడుస్తోంది. డిమాండ్ నోటీసు ఎలా ఇవ్వాలి, మనిషి దొరక్కపోతే నోటీసు ఎక్కడ అంటించాలి, జప్తు ఎలా ప్రకటించాలి, పాట పాడినవాడు అక్కడికక్కడ ఎంత కట్టాలి, మిగతాది ఎన్నాళ్లలో కట్టాలి, అన్నీ అందులో ఉన్నాయి. శిస్తు బకాయికి అమ్మిన భూమి మీద అంతకుముందున్న తనఖాలూ తగాదాలూ ఏవీ అంటవని 42వ సెక్షను చెబుతుంది. గంగలో ముంచి తీసినట్టు భూమి కడిగిన ముత్యమై బయటికొస్తుందన్నమాట. నూట అరవై ఏళ్ల కిందటి దొరల తెలివి అది. ఆ ముత్యాన్ని మేం తీసుకెళ్లి చెత్తకుప్పలో పారేశాం.

బకాయికి భూమి గుంజుకోవడం మా ప్రాంతానికి చాలా పాత విద్య. తనకు కట్టాల్సిన పేష్కష్ బకాయి పడ్డాడని విజయనగరం సంస్థానాన్ని కంపెనీ స్వాధీనం చేసుకుని, అక్కడి రాజు చినవిజయరామరాజును మచిలీపట్నం వెళ్లిపొమ్మంది. ఆయన వెళ్లలేదు, పద్మనాభంలో దిగాడు. 1794 జూలై 10న అక్కడ జరిగినదాన్ని మేం బళ్లో యుద్ధమని చదువుకున్నాం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. దాని వెనకాల ఉన్నది ఒక బకాయి నోటీసు అని నాకు ఉద్యోగంలో చేరాక తట్టింది. 1802లో జమీందార్ల శిస్తును ఖాయం చేసిన శాశ్వత పైసలా వచ్చింది. సర్కారు చేతిలో ఉన్న హవేలీ భూముల్ని ఎస్టేట్లుగా ముక్కలు కోసి వేలం వేశారు. కొన్నవాళ్లలో చాలామంది కిస్తులు కట్టలేక మళ్లీ వేలానికొచ్చారు. ఆ ముక్కలు కొన్ని పెద్ద జమీందార్ల చేతిలో పడ్డాయి, కొన్ని కంపెనీ ఖాతాలోకే తిరిగొచ్చాయి. దున్నేవాడికి మాత్రం ప్రతి వేలానికీ ఒక కొత్త దొర.

1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది, జమీందార్లు పోయారు. చట్టం మా చేతికొచ్చింది. మేం దొరలం కాదు, పల్లెటూళ్ల నుంచి వచ్చి సర్వీసు కమిషన్ పరీక్ష రాసిన మామూలోళ్లం. నా తండ్రి కౌలురైతు. ఆ సంగతి ఇక్కడ ఎందుకు రాస్తున్నానంటే, తెలియక చేశాననే సాకు నాకు లేదు.

వేలమైన ఏడెనిమిదేళ్లకు, నేను వేరే సీటులో ఉండగా, ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై ఏళ్లుంటాయి. మోచేతి దాకా మడిచిన చొక్కా, చేతిలో మందుల షాపు కవరు, అందులో మడతలు చిరిగిన పాత పట్టా. "మా అయ్య పోనాడు బాబూ. బాకీ ఎంతయితే అంత కట్టెత్తాం, మా బూమి మాకిప్పించండి" అన్నాడు. సర్కారు కొనుక్కున్న భూమిని పాత పట్టాదారు వారసులు బాకీ కట్టి తిరిగి అడిగితే పరిశీలించవచ్చు. వాళ్లెవరూ అడక్కపోతే భూమిలేని పేదకు డి పట్టా ఇవ్వవచ్చు. ఈ రెండూ నాకు తెలుసు. కుర్రాడి దగ్గర అర్జీ రాయించుకున్నాను, నంబరు వేయించాను. తర్వాత రమ్మన్నాను. మళ్లీ వచ్చాడు. సర్వే రిపోర్టు రావాలన్నాను. మళ్లీ వచ్చాడు. ఎన్నికల పనుంది అన్నాను. నాలుగోసారి రాలేదు.

ఏడాది చివర పెండింగు కాగితాలు తగ్గించాలని పైనుంచి ఒత్తిడి. ఆ అర్జీని నేను 'ఎల్.డిస్.' చేశాను.

ఈ మాట బయటివాళ్లకు అర్థం కాదు. ముగిసిన ఫైలును ఎన్నాళ్లు దాచాలో చెప్పడానికి మాకు గుర్తులున్నాయి. 'ఆర్.డిస్.' అంటే శాశ్వతంగా దాచాలి. 'ఎల్.డిస్.' అంటే ఏడాది తర్వాత తగలబెట్టవచ్చు. ఒక కుటుంబం భూమి అడిగిన కాగితం మీద నేను రెండో గుర్తు వేశాను. లంచం తీసుకోలేదు. ఎవరూ సిఫారసు చేయలేదు. పెండింగు జాబితాలో ఒక అంకె తగ్గింది, అంతే. ఆ నెలలోనే ఒక ఆదివారం శ్రీకాకుళంలో కథానిలయానికి వెళ్లి, కారా మాస్టారి 'యజ్ఞం' కథ గురించి ఎవరో మాట్లాడుతుంటే వెనక బెంచీలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను కూడా. అప్పు, భూమి, పెద్దమనుషుల తీర్పు. కథలో అయితే నాకు అన్నీ కనబడ్డాయి.

ఆ ఎకరా అరవై రెండు సెంట్లు ఏమైందో చెప్పాలి. చుట్ట కాల్చుకున్న ఆసామి ఆ మరుసటి ఏడే గట్టు తీసేసి జీడి మొక్కలు వేశాడు. సర్కారు భూమిలో సాగు చేశాడు గనక బి-మెమో రాశాం, జరిమానా కట్టించుకుని రసీదిచ్చాం. ఏటా రాశాం, ఏటా ఇచ్చాం. ఏటా లెక్కలు చూసే జమాబందీలో ఆ అంకె మాకు వసూలు కింద కనపడేది, ఆయన పెట్టెలో అవే రసీదులు అనుభవం కింద పేరుకున్నాయి. అడంగల్ పుస్తకం ఒక ఫసలీ నుంచి, అంటే ఒక రెవెన్యూ ఏడాది నుంచి, ఇంకో ఫసలీకి తిరగరాసినప్పుడల్లా ఎర్రసిరా కాస్త వెలిసింది. కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు సిరాకు రంగే లేదు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల 22-ఎ జాబితా తయారుచేసినప్పుడు ఆ నంబరు అందులో పడలేదు. ఎవరో కావాలని తీసేశారని అనుకోను. చూడాల్సిన కాలమ్ ఎవరూ చూడలేదు, అలా చూడనివాళ్లలో నేనూ ఒకణ్ని. ఇప్పుడక్కడ ఆర్చీ కట్టిన లేఅవుట్ ఉంది. నుయ్యి పూడ్చేశారు. దానికి నాలుగు బారల దూరంలో బోరు వేస్తే నీళ్లు పడ్డాయట.

అలాంటి నంబర్లు రెండు జిల్లాల్లో ఎన్ని? ఆ లెక్క మండలానికొకటి చొప్పున రాసి గ్రామ సచివాలయం గోడకు అంటించడానికి ఒక గుమాస్తాకు నెల రోజులు చాలు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. నేను రిటైరై ఖాళీగా ఉన్నాను, పది రూపాయల ఫీజు నా దగ్గర ఉంది. ఒక్క అర్జీ పెట్టలేదు. మా రిటైర్డు ఉద్యోగుల సంఘంలో డీఏ బకాయిల మీద ఏడాదికి నాలుగు తీర్మానాలు చేస్తాం.

ఇక ఊళ్లోని ఇంటి సంగతి. దీంట్లో నేను గుమాస్తాను కాను, బకాయిదారుణ్ని.

ఊరి పేరు రాయను. పాత బజారు వెనక వీధిలో మా తాతగారు కట్టిన పెంకుటిల్లు. వీధరుగు, నట్టింట మండువా, పెరట్లో నుయ్యి, పనసచెట్టు. తాతగారికి నలుగురు కొడుకులు, ఇద్దరు కూతుళ్లు. ఇప్పుడు వారసులం పంతొమ్మిది మందిమి. ఆడపిల్లల వాటా దగ్గరికొచ్చేసరికి మాట ఎప్పుడూ వాతావరణం మీదికి మళ్లుతుంది. మేముండేది విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై, ఖరగ్‌పూర్, ఒకరు మిషిగన్. ఇల్లు తాళం వేసి ఇరవై ఏళ్లయింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకు పెంకులు లేచిపోయాయి. అప్పుడొకసారి అందరం ఫోన్లలో బాధపడ్డాం. పెంకు ఒక్కటీ తిరిగి పడలేదు. ఇప్పుడు మండువా గోడలోంచి రావిమొక్క చెట్టయింది.

పన్ను మా పెద్దన్నయ్య కట్టేవాడు, పెదనాన్నగారి అబ్బాయి. ఏప్రిల్‌లో కడితే అయిదు శాతం తగ్గిస్తారని ఏప్రిల్ నెలలోనే వెళ్లి నిలబడేవాడు. ఏళ్ల తరబడి ఎవరినీ పైసా అడక్కుండా కట్టాడు. ఒక పెళ్లిలో భోజనాల దగ్గర నేనే అడిగాను: "ఏటన్నయ్యా, రసీదులన్నీ నీ దగ్గరే ఉంటున్నాయి, ఇల్లు నీ పేరు మీదికి మార్పించుకుంటావేటి?" నవ్వుతూనే అడిగాను. పక్కనున్నవాళ్లూ నవ్వారు. ఆయన విస్తరి మడిచి లేచాడు. ఆ ఏడాది నుంచి కట్టడం మానేశాడు. మేం ఆయన కట్టినప్పుడు అనుమానించాం, మానేశాక నిందించాం. ఆయన పోయాడు. బకాయి మీద నెలకు రెండు శాతం వడ్డీ మాత్రం పోలేదు.

మునిసిపల్ చట్టాల్లో జప్తుకు వీలుంది. పన్ను ఆ ఆస్తి మీదే ముందు పడుతుంది. కానీ తాళం వేసిన ఇంట్లో జప్తు చేయడానికి బీరువా లేదు, కుళాయి కోయడానికి నీళ్లే వాడటం లేదు. వేలం వేద్దామంటే పంతొమ్మిది మంది వారసులు, ముగ్గురికి విలాసమే తెలియదు. వేసినా ఊళ్లో పరువుగల కుటుంబం ఇల్లు ఎవరు పాడతారు? మళ్లీ అదే జాలి. బిల్లు కలెక్టరు నోటీసు తలుపుకు అంటించి వెళతాడు. వానకు అది కారిపోతుంది. మార్చి నెల వస్తే వడ్డీ తగ్గిస్తారేమోనని మా గ్రూపులో ఒకరు మెసేజి పెడతారు. కట్టినవాడు వెర్రివాడు, ఆగినవాడు తెలివైనవాడు అని అందరం కలిసి ఒకరికొకరం నేర్పుకున్నాం. అందులో రెవెన్యూలో పని చేసినవాణ్ని నేనే గనక, సలహాలు నావే.

కిందటేడు ఆ వీధిలోకి వెళితే పక్కింటి ముసలావిడ నన్ను గుర్తుపట్టింది. "బాబూ, మీ ఇంటి పాములు మా ఇంటికొత్తన్నాయి. పన్ను సంగతి మీదీ మునిసిపాలిటీదీ. పాముల సంగతెవులిది?" అంది. నాకు సెక్షను గుర్తుకు రాలేదు.

ఆ వీధి చివరదాకా నడుస్తూ తాళాలు లెక్కపెట్టాను. ఏడు. నాలుగింటికి కప్పు లేదు. అక్కడికి నడిచేంత దూరంలో బడి ఉంది, ఆసుపత్రి ఉంది, బస్టాండు ఉంది. అదే ముసలావిడ కోడలికి ఊరవతల లేఅవుట్లో సెంటు స్థలం వచ్చింది. అక్కడినుంచి నాలుగిళ్లలో గిన్నెలు తోమడానికి రావాలంటే రోజూ ఆటో. 2020 డిసెంబరు 30న విజయనగరం దగ్గర గుంకలాంలో ఇళ్ల పట్టాలు పంచారు. దాదాపు నాలుగు వందల ఎకరాలు, పన్నెండు వేలకు పైగా ప్లాట్లు. పట్టా చేతికొచ్చినవాళ్ల సంతోషాన్ని నేను తక్కువ చేయను. నేను అడిగేది నన్నే. ఊరి నడిబొడ్డున మేం పాములకు ఇచ్చిన జాగాలు ఎన్ని గజాలు?

రిటైరయ్యాక మేనల్లుడి దగ్గరికి మిషిగన్ వెళ్లి ఆర్నెల్లున్నాను. ఒక ఆదివారం వాడు ఫ్లింట్ ఊరు చూపించడానికి తీసుకెళ్లాడు. జనరల్ మోటార్స్ పుట్టిన ఊరు అది. 1960లో దాదాపు రెండు లక్షల జనం, 2020 లెక్కలకు ఎనభై ఒక్క వేలు. ఫ్యాక్టరీలు పోయాయి, జనం పోయారు, ఇళ్లు మిగిలాయి. మన నెల్లిమర్లనూ ఆమదాలవలసనూ చూసిన కళ్లకు కొత్తగా అనిపించలేదు. కొత్తగా అనిపించింది వేరే. రెండిళ్ల మధ్య ఒక ఖాళీ జాగా. గడ్డి కోసి ఉంది, పక్కింటాయన అందులో టమాటా మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. "ఇది ల్యాండ్ బ్యాంకు జాగా అయ్యుంటుంది మావయ్యా" అన్నాడు మావాడు.

గుమాస్తా బుద్ధి ఊరుకోదు గదా, వివరం పట్టాను. 1999కి ముందు అక్కడా మన పద్ధతే. పన్ను కట్టని ఇంటి బకాయిని దళారులు కొనుక్కునేవారు, ఏళ్లూ పూళ్లూ గడిచినా హక్కు ఎవరిదో తేలేది కాదు, ఈలోగా ఇల్లు కూలేది. ఆ ఏడు చట్టం మార్చారు. మూడేళ్లలోపు కోర్టు ద్వారా ఆస్తి కౌంటీ, అంటే అక్కడి జిల్లా, ట్రెజరర్ చేతికొస్తుంది, పాత చిక్కులన్నీ తెగిపోతాయి. మన 42వ సెక్షను లాంటిదే. తేడా ఆ తర్వాత ఉంది. ఫ్లింట్ ఉన్న జెనెసీ కౌంటీకి అప్పటి ట్రెజరర్ డాన్ కిల్డీ ఆ ఆస్తులు పెట్టడానికి ఒక సంస్థ కట్టాడు. ఆ ల్యాండ్ బ్యాంకు కూలేది కూలుస్తుంది, నిలిచేది బాగుచేయించి అమ్ముతుంది, చిన్న జాగా అయితే పక్కింటివాళ్లకే తక్కువ ధరకు ఇస్తుంది, ఎవరికీ పట్టనిదాంట్లో గడ్డి కోయిస్తుంది. నన్ను పట్టుకున్నది ఆ గడ్డి కోయించడం. సొంతం చేసుకున్నాక దాన్ని చూసుకోవాలన్న ఊహ.

అమెరికా గొప్పని రాయడం లేదు. పక్కనే డెట్రాయిట్‌లో ఇళ్ల విలువ ఎక్కువ కట్టి, ఆ పన్నులు కట్టలేని పేదల ఇళ్లు వేలల్లో లాగేశారు, పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లు. మిన్నెసోటాలో ఒక ముసలమ్మకున్న పదిహేను వేల డాలర్ల బకాయికి కౌంటీ ఆమె ఫ్లాటు నలభై వేలకు అమ్మి, మిగిలింది కూడా దాచేసుకుంది. ఆమెకు తొంభై నాలుగేళ్లప్పుడు, 2023 మేలో, అది చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు గురించి చదివిన రాత్రి మా ఎకరా అరవై రెండు సెంట్లు గుర్తొచ్చింది. అక్కడ మిగులు ఎంతో లెక్క తేలింది. మా దగ్గర ఆ భూమి బాకీకి ఎన్ని రెట్లు విలువ చేసేదో ఎవరూ లెక్క కట్టలేదు. పాట ఒక రూపాయి గదా.

భూబ్యాంకు అన్న మాట మనకూ ఉంది. నేను సర్వీసులో ఉండగానే వచ్చింది, కచేరీల్లో మంత్రంలా తిరిగింది. ఒక ప్రొఫార్మా వచ్చేది: గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, వర్గీకరణ, పరిశ్రమకు అనువైనదా కాదా. చిన్న ముక్కలు వద్దు, పెద్ద బ్లాకులు పంపండి అనేవారు. కప్పు కూలిన ఇంటి జాగా, సర్కారు కొన్న ఎకరన్నర, ఎవరికీ అక్కరలేనివి అందులో పట్టవు. పట్టేవి ఏమిటంటే బీడు, బంజరు, పోరంబోకు. అంటే ఊరందరికీ అక్కరున్నవి. ఫ్లింట్‌లో జనం వదిలేసిన నేలను బ్యాంకు చేశారు, మేం జనం బతుకుతున్న నేలను చేశాం.

సోంపేట దగ్గరి బీల అనే తడి నేలను ఎక్కించిన జాబితా నా చేత్తో రాయలేదు. కానీ ఆ రాత నాకు తెలుసు. నీళ్లు నిలిచి, చేపలు పట్టి, ఎత్తిపోతలతో వరి పండించి, గేదెలు మేపుకునే నేల పుస్తకంలో సర్కారు భూమి. థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఇచ్చారు. 2010 జూలై 14న పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. ఆ రోజుల్లోనే పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతి కొట్టేసింది. ఏడాది తిరక్కుండా, 2011 ఫిబ్రవరి 28న, కాకరాపల్లి తంపర అనే అలాంటి తడి నేలల దగ్గర మళ్లీ కాల్పులు, మళ్లీ చావులు. టీ కొట్టు దగ్గర మా మాటలు నాకు గుర్తున్నాయి. 'పైవాళ్లు రాయమన్నారు, కిందవాళ్లు రాశారు' అన్నాం. ఆ కిందవాళ్లలో ఒక్కడైనా వర్గీకరణ కాలమ్‌లో 'బంజరు' పక్కన 'నీళ్లు నిలుస్తాయి, జనం బతుకుతారు' అని నాలుగు మాటలు రాసి ఉంటే ఏమయ్యేదో తెలియదు. రాయడానికి కాలమ్‌లో చోటు ఉంది. రిమార్కులు అని ఒక గడి ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది.

అలాగని ఆర్.ఆర్. యాక్టు ఎప్పుడూ బీదవాడి మీదే దిగుతుందనలేను. 2021లో సీతానగరం మండలం లచ్చయ్యపేట చక్కెర ఫ్యాక్టరీ చెరకు డబ్బు ఎగ్గొడితే రైతులు రోడ్డెక్కారు. ఆ బకాయికి ఫ్యాక్టరీ ఆస్తుల మీద ఆ చట్టాన్నే ప్రయోగించారు. కత్తి ఒకటే, పట్టే చేతిని బట్టి ఉంటుంది. అయితే అక్కడ రైతులు వందల మంది ఒక్కటై కదిలితే కత్తి ఒరలోంచి వచ్చింది. మా నుయ్యి రైతు కొడుకు ఒక్కడే వచ్చాడు, ప్లాస్టిక్ కవరు పట్టుకుని.

హక్కు తేల్చాలంటే మాకు ఇష్టం లేదు. అది మాత్రం నిజం. 2020 డిసెంబరులో రీసర్వే మొదలుపెడితే గట్టు దగ్గర గొడవలే. భూమి హక్కుల చట్టం తెస్తే భూములు లాక్కుంటారన్నారు. 2024 ఎన్నికల్లో ఊరూరా అదే మాట, సర్కారు మారగానే రద్దు. ఆ చట్టంలో లోపాలున్నాయని నేనూ అనుకున్నాను, కోర్టుకు వెళ్లే దారి ఇరుకు చేయడం నాకూ నచ్చలేదు. కానీ నాకు లోలోపల ఇంకో నిమ్మళం కలిగింది. తేలకుండా ఉంటే మా ఇల్లు మాదిగానే ఉంటుంది, ఎవరూ కట్టక, ఎవరూ ఉండక. తేలిస్తే పంతొమ్మిది ముక్కలు. తేలనంతకాలం అంతా పాములకే.

మొన్న మార్చి ఆఖర్లో వెళ్లి పన్ను కట్టేశాను, అసలూ వడ్డీ కలిపి. కౌంటర్లో కూర్చున్న అమ్మాయి "ఎవరి పేరండీ?" అని అడిగింది. చెప్పాను. "ఆయన వచ్చారా?" అంది. ఆయన పోయి యాభై ఏళ్లు దాటింది. రసీదు మీద తాతగారి పేరే అచ్చయి వచ్చింది. దాన్ని ఫోటో తీసి కుటుంబం గ్రూపులో పెట్టాను. పదహారు మంది చూసినట్టు గుర్తులు పడ్డాయి. చాలాసేపటికి హైదరాబాదు తమ్ముడొకడు జవాబిచ్చాడు: "ఏటన్నయ్యా, ఇల్లు నీ పేరు మీదికి మార్పించుకుంటన్నావా?" పక్కన నవ్వు బొమ్మ.

దానికి నేనేమీ రాయలేదు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగాను. ఇవాళ్టికి పదకొండు రోజులు.